సగం వరకే ఎత్తి రాసుకున్న పేజీ

నా దగ్గర ఇప్పటికీ ఒక రూళ్ల నోటుబుక్కు ఉంది. అట్ట ఊడిపోతే పాత క్యాలెండరు కాగితం చుట్టాను. అందులో ఒక పేజీలో నా చేతిరాతతో పదకొండు గీతల ఇంగ్లీషు ఉంది. పన్నెండో గీత మీద ఒక మాట మొదలై మధ్యలో ఆగిపోయింది. ఆ కింద అంతా ఖాళీ. ఆ పదకొండు గీతలను నమ్మి నేను నా భార్య చేత మందు మాన్పించాను.

నేను నాచారం పారిశ్రామికవాడలో ప్లాస్టిక్ బకెట్లు పోసే కంపెనీలో మెషిన్ ఆపరేటర్‌ని. జనగామ వైపు నుంచి వచ్చాను. చదువు పదో తరగతితో ఆగింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా ఉప్పల్‌లోని లైబ్రరీలోనే. ఒక పాత మేడ మీద రెండు గదులు. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. మొదటి షిఫ్టు రెండింటికి దిగి, కంపెనీ దగ్గర్లోనే ఉన్న ఇంటికెళ్లి తిని, నాలుగుకల్లా మెట్లెక్కేవాడిని. ముందు తెలుగు పేపరు చదివి, తర్వాత అదే రోజు ఇంగ్లీషు పేపరు తీసి అవే వార్తలు వెతుక్కునేవాడిని. విషయం ముందే తెలుసు కాబట్టి మాటలు వాటంతటవే అర్థమయ్యేవి. అట్లా నాలుగేళ్లలో ఇంగ్లీషు వచ్చింది. ఎవరూ నేర్పలేదు. ఈ మాట చెప్పుకోవడం నాకు ఇష్టంగా ఉండేది. కంపెనీలో ఎవరికి మందులు రాసినా గోలీల షీటు తెచ్చి నాకు చూపించేవాళ్లు. "లైబ్రరీ సాబ్, గిదేం గోలీ? తిన్నంక ఏస్కోవాల్నా, తినకముందా?" నేను చదివి చెప్పేవాడిని. ఒక్కసారి కూడా తెలియదని చెప్పిన గుర్తు లేదు.

నా భార్య ఇంట్లో జాకెట్లు కుట్టేది. రేకుల ఇంటి ముందు గదిలో కిటికీ పక్కన మిషన్. మా గల్లీలో సగం మంది ఆమె కుట్టినవే వేసుకునేవారు. ఒక ఎండాకాలం ఆమె మిషన్ మీద గుడ్డ కప్పింది, మళ్లీ తీయలేదు. ఏం జరిగిందని అందరూ అడిగారు. ఏమీ జరగలేదు. అదే ఎవరికీ నచ్చలేదు. చావు లేదు, కొట్లాట లేదు. ఆమె పొద్దున లేచి మంచం అంచున కూర్చునేది, నేను రెండింటికి వచ్చేసరికి అక్కడే ఉండేది. తల దువ్వుకునేది కాదు.

హబ్సిగూడలో మనసు జబ్బులు చూసే ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె ఒక మాత్ర రాసింది. ఇంట్లో దానికి 'దిగులు గోలీ' అని పేరు పెట్టుకున్నాం. రెండు నెలల్లో ఏడుపు ఆగింది. కానీ మబ్బు దిగలేదు. నిద్ర, నిద్ర, మళ్లీ నిద్ర. అప్పుడు డాక్టరమ్మ రెండో మాత్ర కలిపింది. పొద్దున పూట మాత్రమే వేసుకోవాలి, చాలా చిన్నది. మెదడులో చురుకు పుట్టించే మందు. అది అన్ని దుకాణాల్లో దొరికేది కాదు. చీటీ రెండు ప్రతులు రాయించుకుని వెళ్తే, దుకాణంలో ఒకటి ఉంచుకుని రిజిస్టరులో రాసుకుని ఇచ్చేవాళ్లు. దాన్ని 'చురుకు గోలీ' అన్నాం.

ఆ రోజు నేను ఇంట్లో తయారు చేసుకుని వెళ్లిన ఒక ప్రశ్న ఇంగ్లీషులో అడిగాను. ఈ రెండు మందులు కలిపితే ప్రమాదం కాదా అని. డాక్టరమ్మ నా వైపు చూసి, నెమ్మదిగా, తెలుగులో జవాబు చెప్పింది.

"మంచి ప్రశ్న అడిగారు. ఒకదాని బలాన్ని ఇంకొకటి పెంచొచ్చు. అందుకే తక్కువతో మొదలుపెడుతున్నాను. గుండె దడ, చేతుల వణుకు, జ్వరం, అయోమయం లాంటివి వస్తే వెంటనే నాకు ఫోన్ చేయండి. టీ తగ్గించాలి. నన్ను అడక్కుండా వేరే మందులేవీ వేయొద్దు, జలుబు మాత్రలు కూడా."

చీటీ మీద నంబరు రాసిచ్చింది. ఆమె చెప్పినదాంట్లో తప్పేం లేదు. కానీ నేను ఇంగ్లీషులో అడిగితే తెలుగులో చెప్పిందన్న ముల్లు నాలో దిగింది. ఆ ముల్లు వల్ల మిగతా మాటలు సగమే విన్నాను.

పది రోజులు తిరిగేసరికి మా ఇల్లు మారిపోయింది. ఒకరోజు షిఫ్టు దిగి గల్లీ మలుపు తిరగ్గానే మిషన్ చప్పుడు వినిపించింది. గుమ్మం దాకా వచ్చి బయటే ఆగాను. ఆమె తల దువ్వుకుని, పళ్ల మధ్య దారం తెంపుతోంది. నన్ను చూసి, "ఏంది, దొంగలెక్క నిలబడ్డవ్? లోపటికి రా," అంది. ఆ మాట విని నేను చెప్పులు విప్పడానికి వంగి, కాసేపు అట్లాగే ఉండిపోయాను. ముఖం కనపడకూడదని.

మూడు వారాలు అట్లా గడిచాయి. గల్లీ ఆడవాళ్లు గుడ్డలు తెచ్చి పడేశారు. పక్కింటి వదిన ఒక్కతే నాలుగు జాకెట్లు ఇచ్చింది. "నీ చేయి మళ్ల పడ్డదంటే నాకు పండుగే పిల్లా," అని పోయింది.

తర్వాత ఆమెకు జలుబు చేసింది. వానాకాలం చివర, గల్లీ అంతా ముక్కులు చీదుతోంది. నేను మూలమీది కిరాణా కొట్టుకెళ్లాను. అక్కడ జలుబు గోలీలు షాంపూ ప్యాకెట్ల పక్కన దండలా వేలాడుతుంటాయి. అడిగితే కత్తెరతో రెండు కత్తిరించి ఇస్తారు. ఆ ముక్క మీద పేరు ఉండదు, ఏముందో ఉండదు. ఉప్పు, చింతపండు తెచ్చినట్టే అదీ తెస్తాం. మా వాళ్లకు అది మందుల లెక్కలోకి రాదు. నాకూ రాలేదు. ఆమె పొద్దునా మధ్యాహ్నం వేసుకుంది. గొంతు నొప్పికి అల్లం చాయ్ మూడుసార్లు తాగింది.

ఆ సాయంత్రం నేను ఓవర్‌టైం చేసి వచ్చేసరికి మిషన్ ఆగి ఉంది. ఆమె గోడకు ఆనుకుని రెండు చేతులతో ఛాతీ పట్టుకుని ఉంది.

"గుండెల ఎవరో మిషన్ తొక్కుతున్నట్టుంది," అంది. "ఆగుతలేదు."

నాడి పట్టుకుంటే వేళ్ల కింద లెక్కకు అందలేదు. ఆమె చేతులు వణుకుతున్నాయి. చీటీ గోడ మేకుకే గుచ్చి ఉంది, నంబరు కనపడుతూనే ఉంది. నేను ఫోన్ చేయలేదు. పక్కింటి వదినను కూర్చోబెట్టి, సైకిల్ మీద ఉప్పల్ లైబ్రరీకి పోయాను.

గుండె అదిరిపోతున్న మనిషిని వదిలి పుస్తకం దగ్గరికి పోయాను.

లైబ్రరీ లోపలి గదిలో ఒక గాజు బీరువా ఉండేది. ఎవరో రిటైరైన డాక్టరు ఇచ్చిపోయిన లావు పుస్తకాలు. 'ఇంటికి ఇవ్వబడవు' అని ముద్ర. కావాల్సింది అక్కడే కూర్చుని ఎత్తి రాసుకోవాలి. నేను మందుల పుస్తకం తీసి, వెనక సూచిక పట్టుకుని, సరైన పేజీ చేరేసరికి ఆరున్నర. ఒక పట్టిక. ఎడమవైపు 'దిగులుకు వాడే మందులు', కుడివైపు 'చురుకు పుట్టించే మందులతో కలిపితే'. మొదటి వరసలో ఒక పొడుగాటి రసాయన పేరు, దానికెదురుగా కలిపి ఇవ్వరాదని, రక్తపోటు ఒక్కసారిగా పెరిగి మెదడులో నెత్తురు చిమ్మి ప్రాణం పోవచ్చని ఉంది. అర్థం కాని ప్రతి మాటకూ నిఘంటువు తీస్తూ రాసుకున్నాను. పన్నెండో గీత మొదలుపెట్టగానే ఫ్యాన్లు ఆగాయి. లైబ్రేరియన్ బీరువా తాళాలు పట్టుకుని వచ్చాడు.

"ఇగ సాలు తమ్మీ, మూసేస్తున్న. రేపటి నుంచి మేము గూడ తెలంగాణ సమ్మెల ఉంటం. ఎప్పుడు తెరుస్తమో దేవునికే ఎరుక."

"ఒక్క పేజీ అన్నా. ప్రాణం మీది మాట."

"అందరిదీ ప్రాణం మీది మాటనే," అని నవ్వి పుస్తకం మూశాడు. పేజీ అడుగున ఒక బాణం గుర్తు ఉండింది. మిగతా పట్టిక తర్వాతి పేజీలో ఉందని. దాన్ని చూశాను. చూసిన సంగతి కూడా గుర్తుంది.

నేను రాసుకున్న దాంట్లో నా భార్య వేసుకునే మందు పేరు లేదు. కానీ దిగులు మందులన్నీ ఒక ఇంటివే అనుకున్నాను. అన్నదమ్ముల్లో ఒకడు హంతకుడైతే రెండోవాణ్ని ఇంట్లో ఎందుకు ఉంచుకోవాలి? ఒకటి ఆపాలి. ఏది ఆపాలన్నది కూడా నేనే నిర్ణయించాను. చురుకు గోలీ ఆమెను మిషన్ దగ్గరికి తెచ్చింది. దాన్ని ఆపితే మళ్లీ మంచం అంచు. అందుకని దిగులు గోలీ ఆపాను. ఆమె బాగు కోసమే అనుకున్నాను. నిజానికి గల్లీ మలుపులో వినిపించే ఆ చప్పుడు పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

ఇంటికి వచ్చేసరికి దడ సగం తగ్గింది. చెప్పాను.

"డాక్టరమ్మ ఆపమన్నదా?" అంది.

"పుస్తకంల ఉంది."

"పుస్తకం నన్ను సూసిందా?"

"నీకు తెల్వదు. రెండూ కలిస్తే మెదడుల నెత్తురు చిమ్ముతదట. నా చేతితో రాసుకొచ్చిన, సూడు."

ఆమెకు ఇంగ్లీషు రాదు. నోటుబుక్కు చేతిలోకి తీసుకుని అక్షరాల మీద వేలు పెట్టి కాసేపు చూసింది. "నువ్వు చదివినవంటే నిజమే ఉంటది తీ," అని దిగులు గోలీల షీటు నాకిచ్చేసింది. అంతే. ఆ నమ్మకాన్ని నేను చేతులు చాచి తీసుకున్నాను.

మర్నాడు దడ లేదు. నా వైద్యం పని చేసిందని కంపెనీలో ఇద్దరికి చెప్పాను కూడా. మూడో రోజు ఆమెకు కళ్లు తిరిగాయి. తల పక్కకు తిప్పితే కళ్ల వెనక కరెంటు కొట్టినట్టు ఉందంది. విషం దిగుతోందని చెప్పి మజ్జిగ తాగించాను. నాలుగో రోజు వాంతి. కారణం లేని కోపం, వెంటనే ఏడుపు. తిండి పోయింది. తెల్లవార్లూ కళ్లు తెరుచుకునే ఉండేది. పొద్దునే చురుకు గోలీ నేనే చేతిలో పెట్టేవాడిని. ఐదో రోజు ఆమె ఒక్కమాట అడిగింది.

"విషం దిగుడైతే మంచిగైతుండాలె గద. నేను ఎటు పోతున్న?"

"ఇంకో రెండు రోజులు," అన్నాను. నా దగ్గర రెండు రోజులని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. ఆ పదకొండు గీతల్లో రోజుల సంగతే లేదు. లైబ్రరీ గేటుకు తాళం. రోజూ సైకిల్ మీద వెళ్లి ఆ తాళం చూసి వచ్చేవాడిని.

ఎనిమిదో రోజు షిఫ్టు దిగి వచ్చాను. మిషన్ చప్పుడు లేదు. లోపల నేల మీద ఆమె కూర్చుని ఉంది. చుట్టూ గుడ్డ ముక్కలు. మంచి వారాల్లో కుట్టిన జాకెట్లన్నీ ఒక్కో కుట్టు విప్పి పెట్టింది. చింపలేదు. చేతులు చేతులుగా, వీపులు వీపులుగా విడదీసి, మడతలు పెట్టి, వరసగా పేర్చింది. దారం ముక్కలు ఒక గిన్నెలో వేసింది. పక్కింటి వదిన గుమ్మంలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"గిదేందే?" అన్నాను.

"ఏదీ అతుకుంటలేదు," అంది నా వైపు చూడకుండా. గొంతులో ఏడుపు లేదు. "అన్నీ ఎవరియి వాళ్లకిచ్చెయ్. నేను లేకున్నా వేరేటోళ్లు కుట్టుకుంటరు. పేర్లు రాసి పెట్టిన."

ప్రతి మడత మీదా చిన్న కాగితం ముక్క, దాని మీద పేరు. ఆమె ఇంటిని సర్దిపెట్టి వెళ్లబోతోందని నాకప్పుడు తెలిసింది. అది తెలుసుకోవడానికి ఏ పుస్తకమూ అక్కర్లేకపోయింది. వదిన నా భుజం మీద గట్టిగా కొట్టింది. "ఇంకేం సూస్తున్నవ్? ఆ గోడ మీది నంబరుకు కొట్టు! కొడ్తవా, నన్ను కొట్టమంటవా?"

ఫోన్‌లో డాక్టరమ్మకు మొత్తం చెప్పాను. ఎనిమిది రోజులు అన్నప్పుడు ఆమె నన్ను మధ్యలోనే ఆపింది. "ఆవిణ్ని ఒక్క క్షణం ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ తీసుకుని ఇప్పుడే రండి. నేను ఇక్కడే ఉంటాను," అంది.

ఆ రోజు బంద్, మా కంపెనీ ఒక్కటే ఆగలేదు. బస్సులు ఎట్లాగూ సమ్మెలో ఉన్నాయి, ఆటోలు కూడా తిరగలేదు. నడిచాం. ఒకవైపు నేను, ఇంకోవైపు వదిన. ఆమె పది అడుగులకోసారి తల పట్టుకుని రోడ్డు అంచున కూర్చునేది. నాచారం చౌరస్తాలో జనం రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు, డప్పులు, జెండాలు. ఒక పెద్దావిడ గరిటె పట్టుకునే మా దగ్గరికి వచ్చింది.

"ఏమైంది బిడ్డా, గిట్ల వాడిపోయినవ్? కూసో. రెండు ముద్దలు తిని పో."

నేను తినదని చెప్పబోయాను. నా భార్య ఆ విస్తరి అందుకుని రెండు ముద్దలు తిన్నది. మూడో ముద్ద చేతిలోనే పట్టుకుని ఆ ముసలావిడను చూస్తూ ఉండిపోయింది. వారంలో ఆమె నోట్లోకి అన్నం పోవడం అదే. ఎవరో తెలియని మనిషి పెడితే తిన్నది, నేను పెడితే తినలేదు.

డాక్టరమ్మ ముందు బీపీ చూసింది, నాడి చూసింది. తర్వాత నా భార్య చేయి పట్టుకుని సూటిగా అడిగింది.

"చనిపోవాలని అనిపిస్తోందామ్మా?"

"ఆ," అంది నా భార్య. దాహం వేస్తోందా అంటే చెప్పినట్టు. "నాలుగొద్దుల సంది."

నేను ఎనిమిది రోజులు నాడి చూశాను, నాలుక చూశాను, మజ్జిగ కొలిచి పోశాను. ఈ మాట ఒక్కటి అడగలేదు.

తర్వాత నా నోటుబుక్కు అడిగి తీసుకుంది. పదకొండు గీతలూ చదివింది. నన్ను తిడుతుందని ఎదురు చూశాను. తిడితే బాగుండేది.

"ఇందులో రాసింది అబద్ధం కాదు," అంది. "కానీ ఇది పాతకాలపు దిగులు మందుల సంగతి. ఆ రకంతో చురుకు మందు కలిపితే నిజంగానే ప్రాణం మీదికి వస్తుంది. ఈవిడది ఆ రకం కాదు. దీంట్లో ఈవిడ మందు పేరు ఉందా?"

"లేదు మేడం."

"మరి ఎట్లా ఆపారు?"

ఆమె నోటుబుక్కు మూసి నా ముందు పెట్టింది.

"ఈ మందు ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, కరెంటు కొట్టినట్టు ఉండటం, ఏడుపు, అన్నీ వస్తాయి. నెమ్మదిగా తగ్గించుకుంటూ పోవాలి. దానికి తోడు అసలు జబ్బు తిరగబెట్టింది. పైన చురుకు మందు ఒక్కటే ఇస్తూ పోయారు. నిద్ర లేదు, తిండి లేదు." తర్వాత అడిగింది, "ఆ దడ వచ్చిన రోజు వేరే ఏదైనా వేసుకున్నారా?"

"ఏమీ లేదు," అన్నాను వెంటనే.

"జలుబు గోలీ," అంది నా భార్య. "ఈయననే తెచ్చిండు. కిరాణాల."

డాక్టరమ్మ కళ్లు మూసుకుని తెరిచింది. ముక్కు దిబ్బడ తగ్గించే మందు కూడా గుండెను పరిగెత్తించేదేనని, చురుకు మందు, దాని మీద అది, దాని మీద చాయ్, ఆ దడ అందువల్లే అయి ఉంటుందని చెప్పింది. దిగులు మందును నేను ఉరి తీశాను. తప్పు కిరాణా కొట్టు దండలోంచి కత్తిరించి తెచ్చిన ముక్కది. నా చేతిది.

చురుకు గోలీ ఆపించింది. దిగులు గోలీ మళ్లీ మొదలుపెట్టించింది. పని చేయడానికి వారాలు పడుతుందని, అప్పటిదాకా ఆమె పక్కన ఎవరో ఒకరు ఉండాలని, మాత్రలు నా దగ్గర కూడా కాదు, వదిన దగ్గర ఉంచి పూటకొకటి ఇప్పించాలని చెప్పింది. నా దగ్గర వద్దని ఎందుకు చెప్పిందో నేను అడగలేదు.

ఆ వారాలు ఎట్లా గడిచాయో వివరంగా రాయలేను. నేను సెలవు పెట్టి గుమ్మానికి అడ్డంగా కూర్చునేవాడిని. ఆమె గోడ వైపు తిరిగి పడుకునేది. ఏమైనా మాట్లాడిద్దామని పేపరు చదివి వినిపించబోతే, "సదువకు," అనేది. ఇంకేమీ అనేది కాదు. మూడో వారంలో ఒక పొద్దున లేచి, తలకు నూనె పెట్టమని వదినను పిలిచింది. నన్ను పిలవలేదు.

సమ్మె అయిపోయాక లైబ్రరీ తెరిచారు. బీరువా తీయించుకుని అదే పేజీకి వెళ్లాను. నేను ఆపేసిన పన్నెండో గీత చదివాను, పేజీ తిప్పాను. రెండో వరసలో ఆమె మందు పేరు ఉంది. వైద్యుడి పర్యవేక్షణలో, జాగ్రత్తగా కలిపి వాడవచ్చు. కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం: హఠాత్తుగా ఆపరాదు. పేజీ తిప్పడానికి పట్టింది ఒక్క క్షణం. దాన్ని నోటుబుక్కులో రాసుకుందామని పెన్ను తీశాను కానీ రాయలేదు. రాసి ఎవరికి చూపించాలి?

ఇంటికి వచ్చి ఆమెకు చెప్పాను. "ఎనక పేజీల ఉంది. ఆపొద్దని."

ఆమె విప్పేసిన జాకెట్లు ముందేసుకుని చూస్తోంది. "అట్లనా," అంది. ఒక ముక్క తిరగేసి చూసి, "బాగ సదివినవ్," అంది. ఎగతాళి కాదు. ఎగతాళి అయితే తట్టుకునేవాడిని.

జాకెట్లు తిరిగి కుట్టింది, రోజుకు ఒక చేయి, రెండు రోజులకు ఒక వీపు. ఎవరూ తొందర పెట్టలేదు. చురుకు గోలీ మళ్లీ వద్దని డాక్టరమ్మకు తనే చెప్పింది. కొంత మబ్బు మిగిలే ఉంది, ఉంటుంది. ఆ మూడు వారాల మనిషి, నన్ను దొంగ అని పిలిచిన మనిషి, మళ్లీ రాలేదు. కంపెనీలో ఎవరైనా షీటు తెచ్చి చూపిస్తే, "డాక్టర్ని అడుగు," అంటున్నాను. లైబ్రరీకి పోతూనే ఉన్నాను, పేపర్లు చదువుతాను. ఆ బీరువా వైపు మాత్రం పోను.

వదిన వాళ్లు ఇల్లు మారాక మాత్రలు మిషన్ సొరుగులోకి వచ్చాయి. తాళంచెవి ఆమె పుస్తెలతాడుకు పిన్నీసుతో పెట్టుకుంది. తెలంగాణ వచ్చిన ఏడు కూడా అట్లాగే ఉంది, గల్లీలో పటాకులు కాలుస్తుంటే ఆమె కిటికీ దగ్గర నిలబడి చూసింది, తాళంచెవి మెడలోనే ఉంది. పొద్దున షిఫ్టుకు పోయేముందు నేను గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ వింటుంటాను. సొరుగు తెరిచిన చప్పుడు, షీటు నొక్కిన చప్పుడు, గ్లాసు కింద పెట్టిన చప్పుడు. మూడూ అయ్యాక బయల్దేరతాను.

మొన్న సొరుగు చప్పుడు రాలేదు. ఒక చెప్పు వేసుకుని, రెండోది వేసుకోకుండా నిలబడ్డాను. కంపెనీ సైరన్ మొదటిసారి మోగింది.

"ఏసుకున్నవా?" అని అడిగాను.

"ఏసుకున్న," అంది లోపల్నుంచి. "నువ్వు తానం చేస్తున్నప్పుడు."

లోపలికి వెళ్లి షీటు చూపించమని అడగొచ్చు. ఎన్ని మిగిలాయో చదివి తెలుసుకోవచ్చు. గడప ఇవతలే నిలబడి ఉన్నాను. షిఫ్టు మొదలయ్యే రెండో సైరన్ కూడా మోగింది.